రెండో ఫొటో

పొద్దున తొమ్మిదికి ఒక ఫొటో,
మద్దేన్నం రెండు దాటినాక ఇంకొకటి.
నడిమధ్యన తవ్విన కందకాన్ని
ఎవరూ ఫొటో అడగరు.

నేను మేట్‌ని.
పదో తరగతి తప్పినా
ఫోన్ పట్టడం వచ్చని పెట్టినారు.
ముప్పైరెండు మందిని
అరచేతంత అద్దంలోకి ఇరికించాల.
"రోంత ఇట్లా జరుగు వన్నూరక్కా,
కొంగు తీయి సుంకమ్మవ్వా, మొగం కనపడల్య."
మొగం కనపడకపోతే మనిషి రానట్టే లెక్క,
ఆ మనిషి నెత్తిన మట్టిగంపతో
నా ఎదురుగానే నిలబడి ఉన్నా సరే.

మా వజ్రకరూరు పక్క
తొలకరి పడితే చాలు,
యాడాడి జనమో వచ్చి
చేన్లల్లో నడుములొంచి వజ్రాలు ఎదుకుతారు.
మేము ఎండాకాలమంతా
తలలెత్తి సిగ్నల్ ఎదుకుతాం.
గుట్టెక్కి, గుట్టమీది బండెక్కి,
చెయ్యి చాపి
ఒక గీత... రెండు గీతలు...
దొరికితే ఆ పొద్దు కూలి.
దొరక్కపోతే ఒట్టి ఎండ.
ఎదురుగా గాలిమర్లు మాత్రం తిరుగుతానే ఉంటాయి.
ఆ కరెంటు యాడికి పోతాదో తెలీదు.
ఆ కంబం నీడ మాత్రం తెలుసు,
సన్నంగా ఉంటాది,
ఒకరెనక ఒకరు ఇద్దరు కూచోవచ్చు.

ఇంక వేలిముద్ర సంగతి.
సుంకమ్మవ్వ బొటనేలు
నలభై ఏండ్లు బుడ్డలు ఒలిచింది.
పొట్టుతో పాటే గీతలూ రాలిపోయినాయి.
పెడితే ఎర్ర లైటు.
తుడిచి పెడితే ఎర్ర లైటు.
నిమ్మకాయ రుద్దమన్నారు ఒకరు,
కొబ్బరినూనె అన్నారు ఇంకొకరు.
"నువ్వు నువ్వేనని మిషన్ ఒప్పుకోలేదవ్వా"
అన్నాడు బ్యాంకు పిల్లోడు,
అవ్వా అని పిలుస్తానే.

అట్లా పదకొండు వారాలు.

ఆ శుక్రారం రెండో ఫొటోకి
హుసేన్‌బీ ముందు చెయ్యి లేపింది.
మొగానికి అడ్డంగా బొటనేలు.
తర్వాత లింగమ్మ. తర్వాత వరసంతా.
ఎవరూ అనుకోని చేసింది కాదు.
ముప్పైరెండు మొగాలు పోయి
ముప్పైరెండు బొటనేళ్ళు నిలబడినాయి,
పగుళ్ళలో ఎర్రమట్టి కరుచుకోని.
ఒకదానికి గడ్డపార పడి గోరు నల్లబడింది.
యాప్ తీసుకోలేదు.
నేను మాత్రం నొక్కినా.
చెయ్యి వణికి రోంత మసకబారింది.

లింగమ్మ బిడ్డ నాగవేణి గుత్తిలో డిగ్రీ.
ఆ మసక ఫొటోను యాడాడికో పంపింది.
మేము ఉరవకొండ ఆఫీసు ముందర
మూడు దినాలు కూచుంటే
అది మూడు సముద్రాలు దాటింది.
నోరు తిరగని ఊర్లనుంచి
బొటనేళ్ళు రాబట్టినాయి.
టీ ఆకు మరకలది ఒకటి,
చేప ముల్లు గీరింది ఒకటి,
యాడో మంచు పడే ఊర్లో
పార్శిల్ డబ్బాలు మోసే పిల్లోనిది, కట్టు కట్టింది.
ఎవరో దాన్ని ఉద్యమం అన్నారంట.
టీవీ ఆయన మైకు పెట్టి
"మీ ఐడెంటిటీ ఏమిటమ్మా?" అనడిగినాడు.
"మేట్‌ని సార్" అన్నా.

ఇంకొకడెవడో రాసినాడు:
'ఇది కంప్యూటర్ గీసిన బొమ్మ.
వేళ్ళు చూడండి,
అట్లాంటి వేళ్ళు మనుషులకుండవు.'
వేలకు వేలమంది అవునన్నారు.
నాగవేణి చదివి వినిపిస్తే
సుంకమ్మవ్వ తన వేలిని
దగ్గరికి తెచ్చుకోని, దూరం పెట్టుకోని,
శానాసేపు చూసుకుంది.

పదమూడో వారం పదారుమందికి పడింది.
అవ్వకు పడల్య.
ఫోన్లో ఆ టీ మరకల వేలిని చూపించి
"ఈయమ్మకు కూలి పడిందేమో అడుగు" అనింది.
నాగవేణి అడిగింది, ఇంగ్లీషులో, ఒక ముక్క.
మాట పోలేదు.
దాని పక్కన చిన్న గడియారం బొమ్మ
కదలకుండా నిలబడింది.

ఫోన్ తీసుకోని నేను గుట్టెక్కినా.
బండమీద నిలబడి చెయ్యి చాపితే
కిందనుంచి అవ్వ, కట్టె ఊతంగా,
"పొయ్యిందా?
పొయ్యిందామ్మే?"